కీమా, కాస్త టమాటా, రెండు గంటల సన్నసెగ

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీలోని బొలోన్యాలో రెండేళ్లు చదువుకుని వచ్చి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంటికొచ్చినప్పుడల్లా అక్కడ తిన్న మాంసం సాస్‌తో పాస్తా చేయమంటాడు. నేను అరకిలో మటన్ కీమాకి కిలో టమాటాలు, మూడు ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి ముద్ద, బిర్యానీ ఆకు వేసి చేస్తున్నాను. తిన్నాక "బాగుందమ్మా, కానీ ఇది కీమా కూర" అంటాడు. నాకూ పుల్లగానే అనిపిస్తుంది. పైగా నీళ్లన్నీ పళ్లెం అడుక్కి చేరతాయి, పాస్తాకి ఏమీ పట్టదు. అక్కడి సాస్‌లో మాంసమే కనిపిస్తుందట, టమాటా ఎక్కడుందో వెతుక్కోవాలట. మేం మటన్, చికెన్ తప్ప వేరే మాంసం తినం. వైన్‌ని మా మామగారు గడప దాటనివ్వరు. ఇవేవీ లేకుండా ఆ సాస్ కుదురుతుందా? కుక్కర్‌లో చేయొచ్చా? కుదిరితే ఊరగాయలా సీసాకెత్తి వాడికిచ్చి పంపొచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ అబ్బాయి మాట పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మాంసం కనిపించి టమాటా కనిపించకపోవడమే ఆ ఊరి సాస్ లక్షణం. అదే నేపుల్స్‌లో చదువుకుని ఉంటే ఇంకోలా చెప్పేవాడు. అక్కడ పెద్ద పెద్ద మాంసం ముక్కల్ని బోలెడు టమాటా రసంలో పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా మగ్గించి, ఆ ఎర్రటి సాస్‌ని పాస్తాకి కలుపుకుని, ముక్కల్ని తర్వాత విడిగా వడ్డించుకుంటారు. బొలోన్యాలో మాంసాన్ని సన్నగా కొట్టించి వండుతారు, టమాటా పేరుకే పడుతుంది. మీరు కిలో టమాటాలు వేసి బొలోన్యా రుచి కోసం చూస్తున్నారు. చిక్కు మొదలైంది అక్కడే.

ఎంత పేరుకో చెబుతాను. ఇటలీ వంటల అకాడమీ 1982 అక్టోబర్ 17న ఈ సాస్ తయారీ విధానాన్ని బొలోన్యా వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేయించింది. 2023లో దాన్ని సవరించింది. ఆ కొత్త లెక్కలో 400 గ్రాముల బీఫ్ కీమాకి, 150 గ్రాముల పంది పొట్టమాంసానికి కలిపి వడకట్టిన టమాటా గుజ్జు 200 గ్రాములు, చిక్కటి టమాటా పేస్టు ఒక చెంచా. ఉల్లిపాయ అరముక్క, అంటే 60 గ్రాములు. క్యారెట్, సెలరీ కూడా అంతంతే. వెల్లుల్లి, రోజ్‌మేరీ, పార్స్లీ వంటివి వేయకూడదని కూడా రాసుకున్నారు. మిగిలిన మసాలాల సంగతీ అంతే. ఉప్పు, మిరియాలు చాలు. అల్లంవెల్లుల్లి ముద్ద లేకుండా మాంసం వండటానికి మన చెయ్యి ఒప్పుకోదు, తెలుసు. అయినా ఈ ఒక్క గిన్నెకి ఒప్పించండి. బిర్యానీ ఆకు కూడా వద్దు. పాశ్చాత్య వంటల్లో చెప్పే బే ఆకు వేరే చెట్టుది. మన ఆకుది దాల్చినచెక్క వాసన, అది పడగానే గిన్నె పలావు వైపు తిరుగుతుంది.

మీకు బీఫ్, పంది మాంసం కుదరవు కాబట్టి మనం చేసేది అచ్చం ఆ సాస్ కాదు. దాని పద్ధతిలో చేసిన మటన్ సాస్. పద్ధతి పట్టుబడితే రుచి చాలా దగ్గరగా వస్తుంది. అసలు ఈ సాస్ రహస్యం దినుసుల్లో లేదు, నీళ్లు పోగొట్టడంలో ఉంది. మాంసంలో నీళ్లు, టమాటాలో నీళ్లు, ఉల్లిపాయలో నీళ్లు. అన్నీ విడివిడిగా ఇగిరాక కలిపితే సాస్. అన్నీ ఒకేసారి పడేసి మూత పెడితే కూర. అది రుచిగానే ఉంటుంది, మీ అబ్బాయి బాగుందనడం అబద్ధమేమీ కాదు.

మాంసం కొట్టుకాడ మొదలుపెడదాం. కీమా కొట్టించి తెచ్చాక కడిగే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. అలా కడిగిన కీమా నీళ్లు పీల్చుకుంటుంది. ఆ నీళ్లు ఎంత పిండినా పోవు, మూకుట్లో వేగాల్సింది ఉడికిపోతుంది. కడగాల్సిందే అనుకుంటే ముక్కగా ఉన్నప్పుడే కడిగించి, గుడ్డతో తడి అద్దించి, తర్వాత కొట్టించండి. మెషీన్‌లో అయితే ఒక్కసారే వేయమనండి. రెండోసారి వేస్తే ముద్దవుతుంది. తొడ మాంసం, భుజం మాంసం కలిపి అరకిలో తీసుకోండి. మేకమాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి కాస్త కొవ్వు కలిపించుకోండి, కానీ ఎక్కువ వద్దు. మేక కొవ్వు చల్లారితే గడ్డకట్టి అంగిలికి అంటుకుంటుంది. కొరత పడిన కొవ్వుని వెన్నతో పూరిద్దాం. పనిలో పనిగా నాలుగు ఎముకలు అడిగి తెచ్చుకోండి.

ఆ ఎముకల్ని కొంచెం ఉల్లిపాయ, నాలుగు మిరియాలు, లీటరు నీళ్లతో కుక్కర్‌లో పెట్టి పులుసు తీయండి. పసుపు, కారం, ధనియాలు ఏమీ వద్దు. మీ కుక్కర్ ప్రశ్నకి ఇది సగం జవాబు, మిగతా సగం తర్వాత.

ఇప్పుడు వేయించడం. వెడల్పాటి ఇనుప మూకుడు బాగా కాలాక రెండు చెంచాల నూనె వేసి, కీమాలో సగం మాత్రమే పరవండి. మొత్తం ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి కీమా తన నీళ్లలో తనే ఉడుకుతుంది, బూడిదరంగుకి తిరిగి అక్కడే ఆగిపోతుంది. పరిచాక గరిటె పక్కన పెట్టేయండి. మన చెయ్యి ఊరుకోదు, తిప్పుతూనే ఉంటుంది. ఆపుకోవాలి. ముందు కుతకుత వినిపిస్తుంది, అది నీళ్ల చప్పుడు. నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. నీళ్లు ఇగిరాక చప్పుడు చిటపటలోకి మారుతుంది. అప్పటికి వేడి 140 డిగ్రీల పైకి వెళ్లి మాంసం ఎర్రబడటం మొదలవుతుంది. సాస్‌కి గాఢమైన రుచి అక్కడే పుడుతుంది. అడుగు ముదురు గోధుమరంగు వచ్చాక అట్లకాడతో తిరగేసి, ఉండలు చితిపి, తీసి పక్కన పెట్టండి. మిగతా సగం కూడా అంతే.

నీచు వాసన వస్తుందేమోనన్న భయంతోనే కదా మనం పసుపు, అల్లం వేసేది! ఇంత బాగా వేగిన మటన్‌కి ఆ భయం అక్కర్లేదు. అడుగున అంటుకున్న గోధుమరంగు పొర మాడలేదుగా? అయితే దాన్ని కడిగేయకండి. అరగ్లాసు ఎముకల పులుసు పోసి, చెక్క గరిటెతో గీకి ఆ రసాన్ని కీమా మీద పోయండి. నాన్‌స్టిక్‌లో ఈ పొర సరిగా పట్టదు. అందుకే ఇనుప మూకుడు అన్నాను. కానీ ఇనుముతో పని ఇంతవరకే. టమాటా పులుపు ఇనుముతో గంటలు కలిసి ఉంటే సాస్ నల్లబడుతుంది, నాలుకకి ఇనుము తగులుతుంది. అల్యూమినియం కూడా వద్దు. ఇక్కణ్నుంచి మందపాటి అడుగున్న స్టీలు గిన్నెలోకి మారండి.

స్టీలు గిన్నెలో 30 గ్రాముల వెన్న, ఒక చెంచా ఆలివ్ నూనె. ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, ఒక సెలరీ కాడ, మూడింటినీ చేత్తో సన్నగా తరిగి వేయండి. మిక్సీలో వేస్తే నీరు ఊరి ముద్దవుతుంది. సెలరీ సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, దొరకకపోతే మానేయండి. దాని బదులు కొత్తిమీర కాడలో వామాకో వేస్తే ఇంకో వంటకం తయారవుతుంది. ఉల్లిపాయ ఇక్కడ ఎర్రబడకూడదు. సన్నసెగ మీద పావుగంట మెత్తబడి, అద్దంలా మెరిసి, తియ్యటి వాసన రావాలి. మీ పులుపు సమస్యకి ఈ క్యారెట్, ఈ ఓపికే మొదటి మందు. చక్కెర వేస్తే పులుపు పోదు, దాని పక్కన తీపి వచ్చి కూర్చుంటుంది.

టమాటాల దగ్గర కాస్త ఆగుతాను, మీ గొడవంతా అక్కడే ఉంది కాబట్టి. టమాటాలో 94, 95 శాతం నీళ్లే. ఇటలీలో సాస్‌కి వాడే కోలటి రకాల్లో గుజ్జు ఎక్కువ, గింజల నీరు తక్కువ. మన నాటు టమాటాలు చారుకీ పప్పుకీ పుట్టాయి. రసం ఎక్కువ, పులుపు ఎక్కువ. ఈ పనికి మదనపల్లె వైపు నుంచి వచ్చే గట్టి హైబ్రిడ్ టమాటాలే మేలు. వాటిని కొన్న రోజే వాడకండి. దూర ప్రయాణానికి సగం పండినవే కోసి పంపుతారు. రెండు మూడు రోజులు బయటే, బుట్టలో, పూర్తిగా ఎర్రబడనివ్వండి. ఫ్రిజ్‌లో పెడితే వాసన చచ్చిపోతుంది. అరకిలో కీమాకి 600 గ్రాములు చాలు. తొడిమ దగ్గర గాటు పెట్టి మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచితే తొక్క వలుచుకోవచ్చు. గింజల చుట్టూ ఉండే జిగురు పారేయొద్దు, మాంసం రుచిని పెంచే గుణం గుజ్జులో కంటే దానిలోనే ఎక్కువ. నలిపి, జల్లెడలో రుద్దితే గింజలు మాత్రమే మిగులుతాయి. ఆ రసాన్ని వెడల్పు గిన్నెలో మూత లేకుండా సగానికి తక్కువయ్యేదాకా విడిగా ఇగరబెట్టండి. ఒక కప్పు చిక్కటి గుజ్జు మిగలాలి.

ఇంత ఓపిక లేని రోజున డబ్బా టమాటా ప్యూరీ వాడినా తప్పు లేదు. ఇటలీ ఇళ్లలోనూ సీసాలోంచి పోసుకునేవాళ్లే ఎక్కువ. వెనక చదవండి, టమాటా, ఉప్పు తప్ప ఇంకేమీ ఉండకూడదు. టమాటా కెచప్ మాత్రం వద్దు, అందులో చక్కెర, వెనిగర్ రెండూ ఉంటాయి. టమాటా పేస్టు దొరికితే ఒక చెంచా తీసుకుని, మెత్తబడిన ఉల్లిపాయ ముక్కల్లో వేసి, ఎరుపు కాస్త ఇటుకరంగులోకి తిరిగేదాకా వేయించండి. దొరకకపోతే మీ గుజ్జులోంచే రెండు చెంచాలు తీసి అలా వేయించండి. పచ్చి వాసన పోవడం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

వైన్ సంగతి. బొలోన్యాలో ఒక గ్లాసు వైన్ పోసి ఇగరబెడతారు, నిజమే. ఉడికితే ఆల్కహాల్ మొత్తం ఎగిరిపోతుంది, పెద్దాయనకి తెలియదులే అని మీకెవరైనా చెబితే వినకండి. రెండు గంటలు ఉడికినా కొద్దిపాటి మిగులుతుంది. ఇంట్లో వద్దన్నాక వద్దు. వైన్ చేసే పని కొంచెం పులుపు, కొంచెం సువాసన. పులుపు కోసం ఒక చిన్న చెంచా వెనిగర్‌ని వేగిన కీమా మీద చల్లి ఆరనివ్వండి. సువాసన లోటుని ఎముకల పులుసు తీరుస్తుంది. ద్రాక్షరసం పోయమని కొందరు చెబుతారు, నాకు నచ్చదు, తీపి తేలుతుంది. చింతపండు అయితే ఆలోచనే వద్దు, ఎంత తక్కువ వేసినా తన పేరు తనే చెప్పుకుంటుంది.

ఇక కీమా, టమాటా గుజ్జు, రెండు గ్లాసుల ఎముకల పులుసు, అన్నీ స్టీలు గిన్నెలోకి. ఒక పొంగు రాగానే చిన్న బర్నర్ మీదకి మార్చి, సెగ పూర్తిగా తగ్గించండి. పైన అక్కడో బుడగ ఇక్కడో బుడగ వస్తే చాలు. మూత ఓరగా పెట్టి రెండు గంటలు. చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ పక్కనే నిలబడక్కర్లేదు. పావుగంటకోసారి వచ్చి అడుగంటకుండా తిప్పి, ఎండిపోతోందనిపిస్తే కాస్త పులుసు పోయండి. గంటన్నర దాటాక అరగ్లాసు చిక్కటి కాచిన పాలు కొద్దికొద్దిగా కలపండి. టమాటాలో పాలా అనుకుంటారు. 1982 లెక్కలో పాలు ఉన్నాయి, 2023 నాటికి ఇష్టముంటేనే అన్నారు. నా ఓటు పాలకే, ముఖ్యంగా మన పుల్లటి టమాటాలతో చేసినప్పుడు. సన్నటి పలుకులు కనిపించినా కంగారు పడకండి, తిప్పుతూ ఉంటే సాస్‌లో కలిసిపోతాయి. ఉప్పు చివర్లోనే సరిచూడండి. ఇగిరే వంటకానికి ముందే సరిపడా వేస్తే దించేసరికి కషాయమే. మిరియాల పొడి వేయండి. జాజికాయ ఒక్క గీకు ఇష్టమైతే అదీ వేయొచ్చు, అక్కడా వేసేవాళ్లున్నారు.

అయిందని ఎలా తెలుస్తుంది? మీకు తెలిసిన గుర్తే. అంచుల్లో నూనె తేలాలి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే వెంటనే నీళ్లు చేరకూడదు. నిజానికి మటన్ ఇగురు పెట్టడం వచ్చిన చేతికి ఈ సాస్‌లో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. కొన్ని వేయకుండా ఉండటం, కొంచెం ఎక్కువసేపు ఆగడం, అంతే.

అప్పటికీ పులుపు మిగిలితే? వంటసోడా గోరంత వేయండి, నురగ వచ్చి తగ్గుతుంది. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, కాబట్టి ఇది ఆఖరి ఉపాయం. వెన్న ముక్క కలిపినా పులుపు మెత్తబడుతుంది. నేనైతే ముందు అదే చేస్తాను.

కుక్కర్ మిగతా సగం జవాబు ఇది. మొదటి నుంచి చివరిదాకా కుక్కర్‌లో చేస్తే నీళ్లు బయటికి పోయే దారి లేదు, మీ పళ్లెం అడుగున చేరిన నీళ్లు అవే. కానీ ముదురు మేకమాంసం దొరికితే కుక్కర్ సాయం తీసుకోవచ్చు. వేయించడాలన్నీ మూత లేకుండా పూర్తి చేసి, అన్నీ కలిపాక మూడు విజిల్స్ రానిచ్చి, తర్వాత మూత తీసి ముప్పావుగంట సన్నసెగ మీద ఇగరబెట్టండి. రెండు గంటల రుచి రాదు గానీ ఆదివారం కాని రోజుకి సరిపోతుంది. చికెన్‌తో చేయాలంటే తొడ మాంసం కొట్టించండి, ముప్పావుగంట నుంచి గంట చాలు.

పాస్తా గురించి తక్కువ చెప్తాను. బొలోన్యాలో ఈ సాస్‌కి స్పగెట్టీ వాడరు, గుడ్లతో కలిపిన పిండితో చేసిన పొడుగాటి పట్టీలు వాడతారు. ఉడికాక పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బంగారంతో నమూనా చేయించి అదే వాణిజ్య మండలిలో పెట్టుకున్నారు. భోజనం మీద అంత పట్టింపున్న ఊరు. మీకు ఫెట్టుచీనే అనే పట్టీల పాస్తా దొరికితే మంచిది, లేకపోతే పెన్నే, దాని గొట్టంలోకి కీమా బాగా దూరుతుంది. మైదాతో చేసినది కాకుండా డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసినది తీసుకోండి, జిగురవదు. 100 గ్రాములకి లీటరు నీళ్లు, లీటరుకి 10 గ్రాముల ఉప్పు. ఆ నీళ్లలో నూనె వేయకండి. వార్చాక చన్నీళ్లతో కడగకండి. ఈ రెండూ చేస్తే సాస్ జారిపోతుంది, మీరు చేస్తున్నారనే నా అనుమానం. ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందే తీసి, వేడి సాస్‌లో వేసి, పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటెడు పోసి పెద్దమంట మీద ఎగరేస్తూ కలపండి. ఆ నీళ్లలోని గంజి సాస్‌ని పాస్తాకి పట్టిస్తుంది. తెల్ల పాస్తా మీద కుప్పగా సాస్ పోసి వడ్డించడం హోటల్ ఫోటోల కోసం.

చీజ్ విషయంలో ఒక హెచ్చరిక. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మజానో రెజానో చీజ్‌లో పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. బీఫ్ తినని ఇంట్లో ఇది ముందే తెలియడం మంచిది. శాకాహార గుర్తు ఉన్న గట్టి చీజ్ మన దగ్గరా దొరుకుతోంది, అది తురుముకోండి. శాండ్‌విచ్‌లకి వాడే ప్రాసెస్డ్ చీజ్ కంటే ఏమీ వేయకపోవడమే నయం.

ఇక సీసా. వద్దండి. మటన్ పచ్చడి నిలవుంటుంది కదా, ఇదెందుకు ఉండదు అనిపించడం సహజం. పచ్చడిలో ముక్క తేమ పోయేదాకా వేగుతుంది, ఉప్పు, కారం, నిమ్మరసం దండిగా పడతాయి, పైన నూనె నిలుస్తుంది. మన సాస్‌లో తేమ ఉంది, ఉప్పు కూరకి సరిపడానే ఉంది, టమాటా పులుపుని మాంసం, పాలు తగ్గించేశాయి. గాలి చొరబడని సీసాలో, గది వేడిలో, ఇలాంటి పదార్థంలోనే బొటులినం అనే విషక్రిమి పెరుగుతుంది. చూపుకీ వాసనకీ తెలియకపోవచ్చు. పైన నూనె పోసి మూసినా అది ఆగదు, గాలి లేకపోవడమే దానికి కావాలి.

పంపాలంటే గడ్డకట్టించి పంపండి. దించాక వెడల్పు పళ్లేల్లోకి తీసి త్వరగా చల్లార్చి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు ఉంటుంది, రెండో రోజు రుచి మొదటి రోజుని మించుతుంది కూడా. మిగతాది ఒక్కో పూటకి సరిపడా చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడితే మూడు నెలలు బావుంటుంది. డబ్బాని నిండా నింపకండి, గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది. బెంగళూరు రాత్రి బస్సుకి గడ్డకట్టిన డబ్బాలు నాలుగైదు దగ్గరగా పేర్చి, ఐస్ ప్యాకులతో థర్మాకోల్ పెట్టెలో టేపు వేసి ఇవ్వండి. దిగేసరికి మధ్యలో ఇంకా గడ్డగానే ఉంటే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. కరిగినా ముట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంటే ఆ రోజో మర్నాడో బుడగలు వచ్చేదాకా మరగబెట్టి తినేయమనండి. చల్లదనం పోయి ఉంటే మాత్రం, అమ్మ చేసిందని మొహమాటపడకుండా పారేయమనండి.